పడుగు ఆరేదాకా

నా చిన్నప్పుడు మంగళగిరిలో మా వీధి పిల్లల్లో ఏడుపెంకులాటకి నా గురే గురి. గొప్పలు కాదు, నిజం. మాది నేత ఇల్లు కాబట్టి బంతి కూడా నేనే చేసేదాన్ని. పాత సైకిలు ట్యూబు ముక్కని ఉండలా మడిచి, దాని మీద పనికిరాని నూలు పోగులు బిగించి చుట్టుకుంటూ పోతే బత్తాయికాయంత బంతి తయారయ్యేది. వీపుకి తగిలినా నొప్పి తెలిసేది కాదు, పెంకులకి తగిలితే మాత్రం కుప్పంతా కూలేది. కూలిన పెంకుల్ని, అవతలి జట్టు మనల్ని బంతితో కొట్టేలోగా మళ్ళీ పేర్చాలి. వేసవి సెలవులొస్తే చాలు, పొద్దున్నే మొదలుపెట్టి అరికాళ్ళు కాలేదాకా ఇంటి మొహం చూసేదాన్ని కాదు.

ఏడో తరగతి సెలవుల్లో పెద్దమనిషినయ్యాను. చాప వేసి మూల కూర్చోబెట్టారు, చిమ్మిలి తినిపించారు, ముత్తైదువలు పాటలు పాడారు. ఈ తతంగమంతా అయ్యాక మళ్ళీ ఆడుకోవచ్చు కదా అని ఓపిక పట్టాను. తీరా అన్నీ అయ్యాక, ఓణీ నడుముకి దోపుకుని బంతితో గడప దాటబోతుంటే, గుంట మగ్గంలో కూర్చుని నేస్తున్న నాన్న తల ఎత్తకుండానే, "ఎక్కడికి? ఇక వీధిలో ఆటలు కట్టు" అన్నాడు. సాయంత్రం వెళ్తానంటే సాయంత్రమూ లేదు, రేపూ లేదు అన్నాడు.

ఆ వేసవి ఎలా గడిచిందో ఏం చెప్పను! మా ఇంటికి వీధివైపు ఒకటే కిటికీ. దాని పక్కనే రాట్నం వేసి నన్ను నూలు కండెలు చుట్టమన్నారు. బయట నా జట్టు పిల్లల అరుపులు, లోపల మగ్గం టకటకలు, నెత్తిన కాలిపోయే ఇంటికప్పు పెంకులు. ఊచలు పట్టుకుని నిలబడితే, కిటికీలో ఏం పనే అంటూ అమ్మ లోపలికి లాగేది. అందరికన్నా అమ్మ మీదే నాకు ఎక్కువ ఒళ్ళు మండేది. నాకు ఊహ తెలిశాక అమ్మ ఆడటం సంగతి అటుంచి, పరుగెత్తడం కూడా నేను చూడలేదు. ఆటంటే ఏమిటో తెలిస్తే కదా ఈవిడకి నా బాధ తెలిసేది అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం పిల్లలు కిటికీ దగ్గరికొచ్చి, పాత బంతి పీలికలైపోయింది, ఇంకోటి చేసిపెట్టమన్నారు. చేసి, ఊచల సందులోంచి ఇచ్చాను. వాళ్ళు దాన్ని ఎగరేసుకుంటూ వెళ్ళిపోయారు. నేను వెళ్ళి నాయనమ్మ ఒళ్ళో పడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఊపిరాడటం లేదు నాయనమ్మా, జన్మంతా ఇంతేనా అన్నాను. ఆవిడ నా తల నిమిరి, ఎల్లుండి పడుగుకి గంజి పెడుతున్నాం, పెందలాడే లేవాలి అంది, అంతే. పని పురమాయించి సరిపెట్టిందని ఆవిడ మీదా కోపమొచ్చింది.

పడుగుకి గంజి పెట్టడమంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. మగ్గానికెక్కించే నిలువు పోగులన్నిటినీ వీధి పొడుగునా పరిచి, రెండు చివరలా గుంజలకి బిగించి, గంజి పట్టించి, పెద్ద పెద్ద కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. ఇంట్లో అంత చోటేదీ, అందుకే వీధిలోనే చేసేవాళ్ళం. ఆడా మగా అందరూ దిగాల్సిందే. పడుగు పరిచి ఉంటే సైకిలు మీద వచ్చేవాళ్ళు కూడా మారు మాట్లాడకుండా పక్క సందులోంచి పోయేవాళ్ళు. ఆరేదాకా కుక్కలూ మేకలూ దూరకుండా కాపలా ఉండాలి. ఆరాక మాత్రం వెంటనే చుట్టేయాలి. ఎండలో ఎక్కువసేపు ఉంచితే గంజి బిరుసెక్కి, నేసేటప్పుడు పోగులు పుటుక్కున తెగుతాయి.

ఆ రోజు తెల్లవారేసరికి దువ్వడం అయింది. నాన్న ఎండ తగిలే చివర నిలబడ్డాడు. అమ్మా, నాయనమ్మా, తమ్ముడూ, నేనూ నీడ ఉన్న ఈ చివర ఉన్నాం. నీడవైపు ఆలస్యంగా ఆరుతుంది. అప్పుడు నాయనమ్మ కొంగు మూట విప్పింది. అందులో పెంకు ముక్కలు! వాటిని వీధి మధ్యన పేర్చి, ఎప్పుడు చుట్టిందో ఏమో, ఒక నూలు బంతి నా చేతిలో పెట్టింది. నాన్న ఆ చివర నుంచే చూసి, "అమ్మా! దానికి వీధిలో ఆటలేంటే?" అని కేకేశాడు.

నాయనమ్మ ఏ మాత్రం తొణకలేదు. "వీధెక్కడుందిరా? ఇవాళ పడుగున్నంత మేరా మన ఇల్లే. కాదంటావా, మేమంతా లోపలికి పోతాం, నీ పడుగు నువ్వే కాసుకో" అంది. అరుగుల మీదున్న వాళ్ళంతా ఘొల్లున నవ్వారు. నాన్న అటు తిరిగి గుంజ తాడు బిగించుకున్నాడు.

నాయనమ్మ పరుగెత్తలేని మనిషి కాబట్టి రూల్సన్నీ తనకి తగ్గట్టు మార్చేసింది. ఎవరూ పరుగెత్తకూడదు, గబగబా నడవాలి. పడుగుకి ఒళ్ళు తగిలితే అవుట్. నా మొదటి దెబ్బకే కుప్ప కూలింది. అబ్బ, ఆ చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చింది! తర్వాత అమ్మ వంతు. నలుగురూ చూస్తారు, నావల్ల కాదత్తయ్యా అంటూ ముడుచుకుపోయింది. నాయనమ్మ కసిరితే బంతి తీసుకుని, ఎడమ కన్ను మూసి, మోకాలి దగ్గర నుంచి చెయ్యి ఊపి విసిరింది. అచ్చం నేను విసిరినట్టే. పెంకులు చెల్లాచెదురయ్యాయి. అమ్మ ఎగిరి చప్పట్లు కొట్టి, అంతలోనే గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా గురి ఎవరిదో అప్పుడు తెలిసింది. ఒక్క వేసవికే నేను ఊపిరాడటం లేదని ఏడుస్తుంటే, ఈవిడ ఎన్ని వేసవులు కిటికీకి ఇవతలే ఉండిపోయిందో అనుకుంటే దుఃఖం ఆగలేదు.

ఎండెక్కింది. "ఆరిందా?" అని నాన్న అడిగాడు. అమ్మ పడుగు మీద చెయ్యి వేసింది. నేనూ వేశాను. ఎప్పుడో ఆరిపోయింది, అప్పడంలా ఉంది. అమ్మ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "ఇంకా తడిగానే ఉందండీ" అని గట్టిగా చెప్పింది. మరో ఆట ఆడాం. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట.

ఆ పడుగు మగ్గమెక్కాక నాన్న పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. నాలుగుసార్లు నాడె పోగుల మధ్య అటూ ఇటూ ఆడిందో లేదో ఒక పోగు తెగేది. అతికితే మరొకటి తెగేది. అమ్మ వంటింట్లోంచి బయటికి రావడానికే భయపడేది. పోగులెందుకు తెగుతున్నాయో నేతగాడికి వేరే చెప్పాలా! ఉన్న ఆ ఒక్క దారీ మూసుకుపోయింది, ఇక పడుగు దగ్గరికి కూడా నన్ను రానివ్వడు అని నాకు దిగులు పట్టుకుంది.

మళ్ళీ గంజి పెట్టే రోజు వచ్చింది. దువ్వడం అయ్యాక ఈసారి నాన్న నీడవైపుకే వచ్చి నిలబడ్డాడు. నాయనమ్మ కూడా కొంగు మూట విప్పలేదు. నాన్న అటూ ఇటూ చూసి, పెంకులు తేలేదా అని తమ్ముణ్ణి అడిగాడు. భయం భయంగానే ఆట మొదలుపెట్టాం. కాసేపటికి నాన్న పడుగు మీద చెయ్యి వేసి చూశాడు. అయిపోయింది, ఇక లోపలికే అనుకున్నాను. నాన్న బకెట్టు దగ్గరికెళ్ళి, దోసిలితో నీళ్ళు తెచ్చి పోగుల మీద పలచగా చిలకరించాడు. అమ్మ వైపు చూడకుండానే, "ఇంకా తడిగానే ఉంది, కానివ్వండి" అన్నాడు.

నాకు వీధి మళ్ళీ దక్కలేదు. పెళ్ళయి వెళ్ళేదాకా పడుగు రోజులే నా ఆట రోజులు. ఇప్పుడు విజయవాడ పటమటలో అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. మా మనవరాలికి ఎండాకాలం సెలవుల్లో కూడా ట్యూషన్లే. సాయంత్రం బట్టలు తీయడానికి తోడు కావాలని చెప్పి దాన్ని మేడ మీదికి తీసుకుపోతాను. అక్కడ నీళ్ళ ట్యాంకు వెనక విరిగిన టైల్సు ముక్కలూ, నేను చుట్టిన బంతీ దాచిపెట్టుకున్నాం. ఆట మంచి పట్టులో ఉండగా మా కోడలు కింద నుంచి ఫోన్ చేసి, బట్టలు ఇంకా ఆరలేదా అత్తయ్యా అని అడుగుతుంది. ఎండకి అట్టకట్టిపోయిన తువ్వాలు భుజాన వేసుకుని, ఇంకా తడిగానే ఉన్నాయమ్మా అని చెబుతాను.