స్లీపింగ్ బ్యాగ్‌లో తడి

నా చిన్నప్పుడు ఒషావాలో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఎప్పుడూ ముగ్గురో నలుగురో స్టూడెంట్లు ఉండేవారు. మన వైపు నుంచి పిల్లలు ఒక్కసారిగా కెనడాకు వచ్చిపడిన ఏళ్లవి. ఒకరు ఖాళీ చేసేలోగా ఇంకొకరు సూట్‌కేసుతో గుమ్మంలో నిలబడేవారు. వాళ్లందరిలో నాకు బాగా గుర్తున్నది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక్క అక్క. ఆమెను 'కింది అక్క' అనేదాన్ని. పగలు కాలేజీ, సాయంత్రం వేర్‌హౌస్‌లో పని. ఆమె పోయి నెల దాటింది. పుస్తకం తెరిస్తే చదివిన పేజీనే మళ్లీ చదువుతున్నాను. అందుకని ఈ సంగతి రాసిపెడుతున్నాను. ఇందులో నాకు ఇప్పటికీ అర్థం కానిది ఒకటి ఉంది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. వారానికో పది రోజులకో ఇంకా పక్క తడిపేదాన్ని. ఈ విషయం అమ్మకూ నాన్నకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది మా తెలుగు చర్చి పిల్లల్ని ఆగస్టులో క్యాంపింగ్‌కు తీసుకెళ్లాలని పెద్దలు అనుకున్నారు. కారు ఆపిన చోటు నుంచి చాలా దూరం నడవాలి కాబట్టి పిల్లలు మోయగలిగే బరువుండాలి, ధర కూడా అందరికీ అందాలి. అలాంటి స్లీపింగ్ బ్యాగ్ చూసే బాధ్యత నాన్న మీద పడింది. ఆయన ఒకటి తెప్పించారు. నారింజ రంగుది. చుట్టి సంచిలో పెడితే సొరకాయంత ఉండేది. వంటింటి త్రాసు మీద తూచి, కిలో కూడా లేదని అమ్మను పిలిచి చూపించారు. ఒకటి రెండు ట్రిప్పుల్లో వాడి చూశాక, బాగుంటే అందరికీ అదే చెబుదామన్నారు. పడుకుని చూడాల్సింది పిల్లలే కాబట్టి పరీక్ష నాతోనే. పొద్దున్నే చలి వేసిందా, జిప్ పట్టేసిందా అని అడిగి చిన్న నోట్‌బుక్‌లో రాసుకునేవారు.

మొదటి ట్రిప్ మే నెలలో, మేం ముగ్గురమే. నేను ఇంట్లో పడుకున్నట్టే పడుకున్నాను. అంటే బ్యాగ్‌లోకి పూర్తిగా దూరి, తల దగ్గరున్న తాడు లోపలి నుంచి లాగి, ముసుగు తన్ని. పొద్దున్న చూస్తే మెడ దగ్గర, ఛాతీ దగ్గర చెమ్మగా ఉంది. నాన్న టెంట్ పైకప్పు తడిమి చూశారు. అమ్మ నా వైపు చూసింది. నేను కాదని నాకు తెలుసు. అయినా ఆ చూపు తర్వాత అంత గట్టిగా తెలియలేదు.

రెండోసారి జూన్‌లో, దగ్గర్లోని ఏజాక్స్ ఊరి నుంచి మా చర్చికి వచ్చే అంకుల్ కుటుంబంతో వెళ్లాం. వాళ్లబ్బాయి నాకంటే ఏడాది పెద్ద. ఈసారి బ్యాగ్ నడుము దగ్గర కూడా తడిగా ఉంది. నాన్న దాన్ని తిరగేసి కొమ్మ మీద ఆరేశారు. ఆ అబ్బాయి వచ్చి, చూసి, ఏమాత్రం గొంతు తగ్గించకుండా, "డిడ్ యూ పీ?" అన్నాడు. వాళ్లమ్మ వాడి చెయ్యి పట్టుకుని లాగింది. అలా లాగడం వల్లే అందరికీ అర్థమైపోయింది.

తిరిగొచ్చే దారిలో నాన్న, ఈ బ్యాగ్ పనికిరాదేమో, చవక వస్తువు కదా, నీరు పడుతోందేమో అన్నారు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే, "తప్పు బ్యాగ్‌ది కాదండీ. ఆగస్టు క్యాంప్‌కి పిల్లని పంపొద్దు," అంది. కోపంగా అనలేదు. అందరి పిల్లల మధ్య నాకు అవమానం కాకూడదనే అంది. చర్చిలో నా ఈడు పిల్లలందరూ వెళ్తున్నారు.

మా ఇంట్లో వాషింగ్ మెషీన్ బేస్‌మెంట్‌లో ఉండేది. ఆ సాయంత్రం బ్యాగ్ అందులో తిరుగుతుంటే నేను పక్కనే నేల మీద కూర్చున్నాను. ఆ రోజు షిఫ్ట్ లేని కింది అక్క తన బట్టల బుట్టతో వచ్చి నా పక్కన కూర్చుంది. ఏమైందని అడగలేదు. ఒక్కటే అడిగింది.

"ముసుగు తన్ని పండుకుంటవా?"

అవునన్నాను. "నేను గూడ," అంది. మెషీన్ ఆగేదాకా నా పక్కనే కూర్చుంది.

మర్నాడు ఆమె పైకి వచ్చి, కెనడా వచ్చి పది నెలలైనా కాలేజీ, వేర్‌హౌస్ తప్ప ఏమీ చూడలేదని, ఈసారి తననూ క్యాంపింగ్‌కు తీసుకెళ్లమని నాన్నను అడిగింది. ఆ బ్యాగ్‌లో తాను పడుకుని చూస్తానంది. నాన్న సంతోషించారు. ఎవరితోనో షిఫ్ట్ మార్చుకుని జూలైలో వచ్చింది. ఏజాక్స్ అంకుల్ వాళ్లూ వచ్చారు. ఒకే టెంట్‌లో అమ్మ, అక్క, మధ్యలో ఇంటి దుప్పట్లో నేను.

పొద్దున్న లేచి బయటికి వచ్చేసరికి నారింజ బ్యాగ్ తిరగేసి కొమ్మ మీద ఉంది. నడుము దగ్గర పెద్ద మరక. అంకుల్, ఆంటీ, వాళ్లబ్బాయి, నాన్న, అందరూ స్టవ్ చుట్టూ టీ కోసం నిలబడి ఉన్నారు. అక్క చేతులు కట్టుకుని, క్లాసులో లేచి జవాబు చెప్పే పిల్లలా, "అంకుల్, నేను గూడ తడిపిన," అంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వాలో వద్దో తెలియలేదు. అప్పుడు ఆమె నిదానంగా చెప్పుకొచ్చింది. వాళ్లింట్లో అందరూ దుప్పటి నిండా కప్పుకుని ముసుగు తన్నే పడుకుంటారు. దుప్పట్లోంచి గాలి బయటికి పోతుంది, ఈ బ్యాగ్‌లోంచి పోదు. రాత్రంతా వదిలిన ఊపిరి లోపలే నీరవుతుంది. "మూతి బయట పెట్టాలె అంకుల్. గంతే."

నాన్న ఆ మధ్యాహ్నమే బ్యాగ్ ఎండలో ఆరబెట్టి, ఆ రాత్రి ముఖం బయట పెట్టి తానే అందులో పడుకున్నారు. పొద్దున్నకి పొడిగా ఉంది. నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో 'ముసుగు తన్నరాదు' అని రాసుకుని, కింద గీత గీశారు. ఏజాక్స్ అంకుల్ నా తల మీద చెయ్యి వేసి, పాపం అనవసరంగా నిన్ను అనుకున్నాం అన్నారు. నేను ఆగస్టు క్యాంప్‌కు వెళ్లాను. అక్కడ రెండో రోజు పొద్దున్న ఆ అబ్బాయి తడి బ్యాగ్‌తో బయటికి వచ్చి, ఇంట్లో కూడా తెలుగు మాట్లాడనివాడు, "ముసుగు," అన్నాడు. నేను తల ఊపాను. నడుము దగ్గరే తడి ఉందని నాకు కనిపించింది.

అర్థం కానిది ఇదే. ఊపిరి తడి మెడ దగ్గరా ఛాతీ దగ్గరా ఉండాలి. మేలో అలాగే ఉంది. జూన్‌లో నడుము దగ్గరున్నది నాదే అయివుండాలి. మరి అక్కకు నడుము దగ్గర ఎందుకుంది? ఆ పొద్దున్న టెంట్‌లో ఆమె వాటర్ బాటిల్ ఖాళీగా పడి ఉండటం చూశాను. రాత్రి పడుకునేటప్పుడు నిండుగా ఉంది. అమ్మ ఆ మరకను తాకి, వేళ్లు వాసన చూసి, అక్క వైపు ఒకసారి చూసి, ఉప్మాకు ఉల్లిపాయలు తరగడానికి వెళ్లిపోయింది. ఆగస్టు ప్రయాణానికి నా బట్టలు తనే సర్దింది.

తర్వాత అక్క కెనడాలోనే, కేంబ్రిడ్జ్ అనే ఊళ్లో స్థిరపడింది. రాకపోకలు ఆగలేదు. పెద్దయ్యాక రెండుసార్లు అడిగాను. "నీళ్లా? ఏం నీళ్లు?" అంది రెండుసార్లూ. దాహమేసి తాగిందేమో. చెప్పకూడదనుకుందేమో. నిజంగానే మరిచిపోయిందేమో. ఈ మూడింట్లో ఏదో తేల్చుకోలేకపోయాను.

చివరి వారంలో ఒక మధ్యాహ్నం ఆసుపత్రిలో ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె దుప్పటి గడ్డం దాకా లాక్కుని గోడ వైపు తిరిగింది. పక్క తడిసింది. నర్సును పిలుస్తానంటే నా మణికట్టు పట్టుకుంది. బలం లేదు, కానీ వదలలేదు. నేను ఇంకో చేత్తో బల్ల మీది గ్లాసు తీసి ఆమె దుప్పటి మీద, నా ఒడిలో ఒంపేశాను. నర్సు వచ్చినప్పుడు, చెయ్యి తగిలి ఒలికిందన్నాను. జాగ్రత్తగా ఉండాలని ఆమె నన్ను కాస్త మందలించి అన్నీ మార్చింది.

నర్సు వెళ్లాక అక్క నా తడి బట్టల వైపు చాలాసేపు చూసింది.

"ముసుగు తన్ని పండుకున్నవా?" అంది.

అప్పటికి ఆమె ఒకరిని చూసి ఇంకొకరనుకుంటోంది. ఆ పొద్దున్నే నన్ను తన చెల్లెలనుకుంది. గుర్తొచ్చి అందో, ఊరికే నోటికొచ్చి అందో తెలియదు. "అవునక్కా," అన్నాను. తడి ఎక్కడిదని అడగకుండా పక్కన కూర్చోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నాకు సరిగ్గా వచ్చింది అదొక్కటే.