తలుపు మీద జానెడు నీలం

మా వదిన పోయింది. అనంతగిరి సంతలో పసుపు బేరమాడుతుంటే మా ఊరి జీపు డ్రైవరు వచ్చి చెప్పాడు. సంచి అక్కడే వదిలేసి జీపెక్కాను. ఆమె గురించి నాలుగు ముక్కలు రాయమని నా మనవరాలు కాగితం చేతిలో పెట్టింది. నేను బడికి పోయినవాణ్ణి కాదు. చర్చిలకీ స్టేషన్లకీ రంగులేస్తూ, బోర్డులు రాస్తూ అక్షరాలు పట్టుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి. రంగు పనిలో మాత్రం ఈ కొండల్లో నాకు వంక పెట్టినవాళ్లు లేరు, వదిన తప్ప.

ఆమె మా అన్న భార్య. సంతలో తేనె అమ్మేది. పాత సీసాలు ఏరుకొచ్చి, వాటికి అంటుకున్న కాగితాలూ జిగురూ పోవడానికి తనే ఒక మందు చేసేది. చలికాలంలో కమలాకాయల తొక్కలు తెచ్చి, లోపలి తెల్ల పొర గీకేసి, గట్టిగా దించిన ఇప్పసారాలో నెల రోజులు నానబెట్టేది. ఆ పసుప్పచ్చ నీళ్లలో గుడ్డ ముంచి రుద్దితే జిగురు జారిపోయేది. కత్తికి పట్టిన పనస పాలకీ, కాఫీ పళ్లు ఒలిచే మిషను గ్రీజుకీ అదే మందు. ఆ సీసా మూత తీసేముందు నిప్పు నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్ట ఆర్పి దూరంగా పెట్టేది. దీనికి నిప్పంటే పడదు అనేది.

"తాగాల్సిన సారా సీసాలకి పోత్తన్నావేటి ఒదినా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"తాగినోడి మొకం కంటే నా సీసాలే తళతళలాడతన్నాయి, సూసుకో" అనేది.

అన్న పోయిన మరుసటి ఏడు, ఎండాకాలంలో మా కొండల్లో చేసుకునే ఇటుకల పండక్కి ముందు, వదిన పుట్టింటికెళ్లిన రెండు రోజుల్లో వాళ్ల వీధి తలుపుకి నీలం రంగేశాను. ఖరీదైన ఎనామిల్. అద్దంలా వచ్చింది. ఆమెను అడగలేదు. మంచి చెయ్యడానికి అడగడమేమిటి అనుకున్నాను. ఆ తలుపు మా అన్న పనస చెక్కతో చేసింది. దాని నిండా చెక్క చెక్కే బాడిస దెబ్బలు చేప పొలుసుల్లా ఉండేవి. ప్రతి పండక్కీ వదిన దానికి ఇప్పనూనె రాసేది. నా కంటికి అది మోటు పని. సోడాతో జిడ్డు కడిగేసి, గుంటలు కనబడకుండా మందంగా పూసేశాను.

వదిన తిరిగొచ్చి వాకిట్లో నిలబడింది. తలుపు మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందకి రాసింది.

"మీ అన్న సెయ్యి తగలట్నేదు, మరిదీ" అంది. తిట్టలేదు.

నాకు రోషమొచ్చింది. మర్నాడు రంగు కరిగించే థిన్నరూ, గీకే ఇనప పట్టీ పట్టుకెళ్లాను. "ఆ ఇనుము సెక్కని కోసేత్తాది. కమలాలు రానీ" అంది. పండగేమో ఎండల్లో, కమలాలేమో చలిలో. అన్ని నెలలూ ఆ నీలం తలుపే తీసుకుని వేసుకుని బతికింది. నేనెళితే ఎప్పటిలాగే అంబలి పోసేది. తిట్టి ఉంటే బాగుండేది.

కమలాలొచ్చాయి. సంతలో తినేవాళ్ల ముందు కూర్చుని తొక్కలు ఏరింది. నానాక, తలుపు ఊడదీసి చూరు నీడలో పడుకోబెట్టింది. మందులో తడిపిన గుడ్డ పరిచి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కప్పేది. మధ్యాహ్నానికి రంగు ముడతలు పడేది. వెదురు బద్దతో మెల్లగా తోసేది. రోజుకి రెండు అరచేతుల మేర. మూడో రోజు, పిలవకుండానే, నేనూ ఒక బద్ద పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. గట్టిగా నొక్కాను.

"బేగి బేగీ అని ఎందుకు? తలుపేటి పారిపోతాదా?" అంది.

ఒకచోట రంగు కింద లోతైన వంకర గాటు బయటపడింది. వదిన నవ్వింది. "ఇది నీ వల్లే. మీ అన్న సెక్కతంటే నువ్వొచ్చి ఏటో వాగినావు. సెయ్యి జారిపోనాది."

ఆ తలుపు మీద ప్రతి దెబ్బా ఆమెకి తెలుసు. తప్పైపోయింది వదినా అనాలని అప్పుడు నోటిదాకా వచ్చింది. తల దించుకుని గీకాను.

కింది మూల జానెడు నీలం మిగిలిపోయింది. "తొక్కలైపోనాయి, ఉండనీ" అంది. మరుసటి ఏడు నేనే గుర్తు చేస్తే కాయలు లేవంది. ఆ పై ఏడు సీసాలకే చాలట్లేదంది. నమ్మాను.

నిన్న వదిన కూతురు వచ్చి, "సిన్నాన్నా, దినానికి సుట్టాలొత్తారు. తలుపుకి రంగేత్తావా?" అంది. వెయ్యనన్నాను. వదిన మిగిల్చిన ఆ మూలైనా తీసేస్తాను, తొక్కల మందు చుక్కేమైనా ఉందా అని అడిగాను. ఆ పిల్ల అటక మీంచి మూడు సీసాలు దించింది. మూడూ నిండుగా ఉన్నాయి. పాతది తేనె రంగుకి తిరిగింది.

"ఏటేటా మిగుల్తానే ఉంటాది కదా సిన్నాన్నా. నీకు తెల్దా?" అంది.

ఒక సీసా మూత తీసి, గుడ్డ తడిపి, తలుపు మూల గొంతుక్కూర్చున్నాను. కమలా వాసన కొట్టింది. దగ్గరగా చూశాను. పోయిన పండక్కి రాసిన ఇప్పనూనె అన్న చెక్కిన దెబ్బల మీద ఎలా ఉందో, నా నీలం మీదా అలాగే, ఆమె వేళ్ల చారలతో, మెరుస్తూ ఉంది.

సీసాకి మూత పెట్టేశాను.