చొక్కా జేబులో పాస్‌పోర్టు

గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లకు ఇక్కడ పని వెతికిపెట్టడం నాంపల్లిలో నా ఉద్యోగం. పదహారేళ్లు అక్కడ బట్టలు కుట్టి వచ్చిన ఒకాయనను అబిడ్స్‌లో ఒకావిడ నడిపే టైలరింగ్ దుకాణానికి తీసుకెళ్లాను. పని ఖాయం కాగానే ఆయన చొక్కా జేబులోంచి పాస్‌పోర్టు తీసి ఆవిడ ముందు పెట్టాడు.

“గిదేంది?” అందావిడ.

“మీ దగ్గర్నే ఉండాలె గద మేడం.”

అక్కడి యజమాని మొదటి రోజే లాగేసుకున్నాడట. నాకు ఒళ్లు మండింది, ఈయన మీద మాత్రం కాదు.

“నాకెందుకన్నా అది? ఇంట్ల పెట్టుకో. పొద్దుగాల టైముకు రా, సాలు.”

మొన్న పొద్దున్న అటు వెళ్లాను. ఆవిడ ఇంకా రాలేదు. ఆయన నన్ను చూసి నవ్వి, అదే జేబులోంచి దుకాణం తాళంచెవి తీసి షట్టర్ ఎత్తాడు.