ఎర్ర దీపం ఆరేదాకా

మొన్న ఇంట్లో ఇంటర్నెట్ డబ్బా మీద ఎర్ర దీపం వెలిగితే కంపెనీకి ఫోన్ చేశాను. అంతా అక్కణ్ణించే చూసుకుంటామనీ, నేను లైన్లో ఉండనక్కర్లేదనీ ఎవరో కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. పెట్టేశాను గానీ మనసు చివుక్కుమంది. లైన్లో ఉండటమే నా ఉద్యోగమైన రోజులు గుర్తొచ్చాయి.

దిల్‌సుఖ్‌నగర్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో నేను, ఎల్బీనగర్ ఎక్స్ఛేంజీలో ఒక అక్క. రెంటినీ కలిపే డిజిటల్ లైన్లలో ఎందరి మాటలో ఒకేసారి పోతుండేవి. అటునుంచి రావలసిన సిగ్నల్ కాస్త ఆగితే చాలు, మా బీరువాలాంటి యంత్రం మీద అలారంగా ఎర్ర దీపం వెలిగేది. మీ సిగ్నల్ మాకు అందడం లేదని అదే అటు కబురు పంపితే అక్క దగ్గర పసుప్పచ్చ దీపం వెలిగేది. వెలగడానికున్న తొందర ఆరడానికి ఉండేది కాదు. సిగ్నల్ తిరిగొచ్చినా యంత్రం వెంటనే నమ్మేది కాదు, నిలుస్తుందో లేదో కాసేపు చూసి గానీ దీపం ఆర్పేది కాదు. దీపం వెలగ్గానే, ఆ కేబుల్‌తో పనిలేకుండా రెండు ఎక్స్ఛేంజీల మధ్య విడిగా వేసిన ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం; దీపం ఆరేదాకా ఇద్దరమూ రిసీవర్ పెట్టకూడదన్నది మా పద్ధతి.

ఆ కాసేపట్లోనే మా స్నేహమంతా. రోడ్డు తవ్విన ప్రతిసారీ కేబుల్ తెగేది, మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ పుణ్యమా అని అక్క నాకు సర్వపిండి చేయడం నాలుగైదు అలారాల్లో నేర్పింది. ఆవిడ ముఖం నేనెన్నడూ చూడలేదు. రిసీవర్ ఎత్తితే పలికే మనిషికి సెల్ నంబరెందుకని అదీ అడగలేదు.

తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజులవి. మాది గుంటూరు వైపు. ఫ్లాట్ అమ్మేద్దామా అని ఇంట్లో మావారు మథనపడుతుంటే, అక్క తమ్ముడు చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. మేమిద్దరం మాత్రం ఆ ఊసెత్తేవాళ్ళం కాదు. ఒక బంద్ నాడు లైను తెగి దీపం వెలిగింది. కేబుల్ అతికించాక, ఆరడం కోసం ఎదురుచూస్తుంటే అక్క ఉన్నట్టుండి అడిగింది.

"తెలంగాణ ఒస్తె మీరంత పోతరా ఏందే?"

బెంగతో అడిగిందో, పోతేనే మేలని అడిగిందో గొంతును బట్టి తేల్చుకోలేకపోయాను. నేను నోరు తెరిచేలోపే దీపం ఆరింది. ఆరింది, పెడ్తున్న అంటూ అక్క అలవాటుగా పెట్టేసింది. మళ్ళీ ఎత్తబోతుంటే ఆఫీసరు పిలిచారు, రేపు చెబుదాంలే అనుకున్నాను.

మర్నాటి నుంచి అక్క సమ్మెలో ఉంది. సమ్మె ముగిసేసరికి ఆవిడకు బదిలీ అయింది. ఆ తరువాత అలారాలన్నీ ఒక్కచోటే చూసే హాలు పెట్టి మా రిసీవర్లే తీసేశారు. మన్సూరాబాద్‌లో కిరాయికి ఉంటామనేదని వెళ్ళి వెతికాను. ఖాళీ చేసి ఎటు పోయారో ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

తెలంగాణ వచ్చింది. మమ్మల్నెవరూ పొమ్మనలేదు, మేమూ పోలేదు. మావారు ఫ్లాట్ మాటే మరిచిపోయారు. ఇప్పుడు యంత్రాలు తప్పును తామే కనిపెట్టి తామే సర్దుకుంటున్నాయట, రెండు చివరలా మనుషులు కాచుకుని కూర్చోనక్కర్లేదు. మంచిదే. కానీ అక్క ఎక్కడుందో, ఈ ఊళ్ళోనే ఏదో కాలనీలో ఉండి, నేను ఎప్పుడో వెళ్ళిపోయాననే అనుకుంటూ ఉంటుంది.