చదవనిదే సరేననని తిజాని

మా తిజానికి ఒకటే జబ్బు. చివరి అక్షరం దాకా చదవనిదే దేనికీ సరేననడు. మందు సీసాతో వచ్చే కాగితం మడతలు విప్పి రెండు వైపులా చదివేసరికి తలనొప్పి దానంతటదే తగ్గిపోయిన రోజులున్నాయి. ఒకసారి బస్సు టికెట్ వెనక నిబంధనలు చదువుతూ, దిగాల్సిన చోటు దాటిపోయి సముద్రం కనిపించేదాకా వెళ్ళి వచ్చాడు.

చదువుకుంటే చదువుకోనీ, నాకెందుకని మీరు అడగొచ్చు. కైరవాన్ నగరపు పాత ఊళ్ళో మేమిద్దరం నోటరీలం. దస్తావేజు చెల్లాలంటే ఇద్దరు నోటరీల సంతకాలూ ఉండాలి. అందువల్ల ముప్ఫై ఏళ్ళుగా ఒకే గదిలో ఆయన చదువుతుంటాడు, నేను గోడ గడియారం చూస్తుంటాను. పెళ్ళి ఒప్పందం రాయడానికి వెళితే, ఈయన చదవడం పూర్తయ్యేసరికి పెళ్ళికొడుకు మళ్ళీ గడ్డం గీసుకోవాల్సి వచ్చేది.

ఆఫీసు కంప్యూటర్లో విండోస్ ఉన్న రోజుల్లో ఏ ప్రోగ్రామ్ పెట్టాలన్నా ముందొక ఒప్పందం వచ్చేది. లోకమంతా అడుగున ఉన్న ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కేసి ముందుకు పోయేది. దాన్ని పూర్తిగా చదివిన మానవుడు తిజాని ఒక్కడే. రాసిన వకీలు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండడు.

“బూబకర్, ఈ ముప్ఫై ఒకటో పేజీ చూడు. మన ఆఫీసులో ఏ నష్టం జరిగినా వాళ్ళకి సంబంధం లేదట.”

“వాళ్ళెక్కడో సముద్రాల అవతల ఉన్నారయ్యా. మన ఆఫీసుతో వాళ్ళకేం పని? నొక్కు.”

“పని లేకపోతే ఎందుకు రాశారు?”

మూడు రోజులు చదివాడు. నాలుగో రోజు ఆ కంపెనీకి ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. వాళ్ళూ ఆయన ఉత్తరాన్ని చివరిదాకా చదువుతున్నారేమోనని ఊరుకున్నాం.

చివరికి ఆ విండోస్‌కి వయసు మీరింది. మా మేనకోడలు రీమ్ వచ్చి దాన్ని తీసేసి లినక్స్ పెట్టింది. తిజాని పాత అలవాటు కొద్దీ ఏదో వెబ్‌సైటుకి వెళ్ళి, ఒక ఫైలు దించుకొని, దాని మీద టకటకా నొక్కడం మొదలుపెట్టాడు. ముప్ఫై సార్లు నొక్కినా అది ఉలకలేదు, పలకలేదు.

“అది విండోస్‌ది బాబాయ్, ఇక్కడ పనిచెయ్యదు,” అంది రీమ్. “అయినా ఇలా వీధులమ్మట తిరిగి తెచ్చుకోనక్కర్లేదు. అన్నీ ఒకే గిడ్డంగిలో ఉంటాయి. ఈ నల్ల తెర మీద పేరు రాసి అడగండి. అదే వెళ్ళి తెచ్చి పెడుతుంది.”

“అడగ్గానే ఇచ్చేస్తుందా? నేనెవరో తెలియకుండానే?”

“పాస్‌వర్డ్ అడుగుతుందిగా. కొట్టండి.”

ఆయన కొట్టాడు. తెర మీద ఏమీ పడలేదు.

“ఏమీ పడట్లేదమ్మా.”

“పడుతోంది బాబాయ్. కనిపించదంతే.”

“చుక్కలు కూడానా?”

“చుక్కలు కూడా.”

తిజాని మొహం వెలిగిపోయింది. “చూశావా బూబకర్? ఇదీ మర్యాద తెలిసిన యంత్రం అంటే.” కానీ ఆ మర్యాద తెలిసిన యంత్రం ఆయన పాస్‌వర్డుని వరసగా పదకొండు సార్లు తప్పంది. కీబోర్డు అరబీలో ఉండిపోయింది. ఏం పడుతోందో కనపడదు కాబట్టి, ఆ సంగతి ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. నేనైతే యంత్రాన్ని రెండుసార్లు చరిచాను కూడా.

ఆ తర్వాత అసలు గొడవ మొదలైంది. “ఒప్పందమేదీ?” అన్నాడు తిజాని. లేదంది రీమ్. ఒప్పందం లేకుండా ఎవరైనా ఏదైనా ఎందుకిస్తారని ఆయనకి పట్టరాని అనుమానం. అంతలో యంత్రం ఒక జాబితా చూపించి, ‘కొనసాగించాలా?’ అని అడిగింది. తిజాని కళ్ళజోడు తుడుచుకొని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆయనకి చదవడానికి ఏదో ఒకటి దొరికింది, ఇక నాకు గడియారమే గతి.

నాకంత ఓపిక లేదు. ఒకరోజు ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు, ఎక్కడో చూసిన ఆజ్ఞ ఒకటి ఎక్కించాను. ‘కొనసాగించాలా?’ అనగానే అవునని కొట్టాను. ఐదు నిమిషాల్లో బొమ్మలు, ఫైళ్ళ కిటికీలు అన్నీ మాయమైపోయి తెర నల్లగా మిగిలింది. కింది ప్రోగ్రాములు తీసివేయబడతాయని జాబితాలో స్పష్టంగా ఉందట. తిజాని ఒక్క మాట కూడా అరవలేదు. “చదివావా?” అని మాత్రం అడిగాడు. అరిచినా బాగుండేది.

రీమ్ వచ్చి అన్నీ మళ్ళీ పెట్టి వెళ్ళిన నెలకి, ఒక బుధవారం పొద్దున పది గంటలకి హమ్మాదీ అనే అతను వచ్చాడు, వెంట వాళ్ళ వదిన మబ్రూకాని తీసుకొని. ఆమె భర్త పోయి ఏడాదైంది. తన ఇంటి మీద సర్వ హక్కులూ మరిదికి అప్పగిస్తూ ఆమె అధికారపత్రం రాసివ్వాలి. ముందురోజు వచ్చి వివరాలన్నీ చెప్పి వెళ్ళారు. ఆమె కాదు, అతనే చెప్పాడు. తిజాని అంతా కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టాడు. ఇక కాగితం మీదికి రావాలి, ఆమె వేలిముద్ర పడాలి, మేం సంతకాలు పెట్టాలి.

“కూర్చోండి,” అన్నాడు తిజాని. “చిన్న ప్రోగ్రామ్ ఒకటి పెట్టాలి. అయిపోతుంది.”

ప్రింటర్‌కి కొత్త లినక్స్‌తో ఇంకా పొత్తు కుదరలేదు కాబోలనుకున్నాను. నల్ల తెర తెరిచాడు. జాబితా వచ్చింది. గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. ఒక్క ప్రోగ్రామ్‌ని పిలిస్తే, పెళ్ళికొడుకు వెంట బంధువుల్లా ఇంకో ఇరవై మూడు వస్తామంటాయి. ఒక్కొక్కదాని పేరూ, ఊరూ, బరువూ విచారించాడు.

“ఇదెందుకు వస్తోంది? ఆ... ముక్కల బొమ్మలట. ఇంకోటి. లెక్క చూసేదట. ఇంకోటి...”

“తిజానీ, నొక్కవయ్యా బాబూ!”

“చదవకుండా ఎలా నొక్కను?”

పదకొండయింది. పన్నెండయింది. హమ్మాదీ లేచాడు. “నేను పక్కవీధి నోటరీల దగ్గరికి పోతాను. వాళ్ళు అరగంటలో పని ముగిస్తారు.”

“ఇదిగో, తొంభై శాతం అయింది. చూడండి,” అని తిజాని తెర తిప్పి చూపించాడు. నిజంగానే తొంభై. హమ్మాదీ కూర్చున్నాడు. వంద అయింది. అప్పుడు తిజాని తల గోక్కొని, “ఒక లైను సరిగా చదవలేదనిపిస్తోంది. తీసేసి మళ్ళీ పెడతాను,” అన్నాడు.

నా రక్తం మరిగింది. ఆ గదిలో ముప్ఫై ఏళ్ళుగా దాచుకున్నవన్నీ బయటపెట్టాను. నీతో కూర్చుని నా జుట్టంతా ఊడిందన్నాను, నీ వల్ల ఎన్నో పెళ్ళి భోజనాలు చల్లారిపోయాక తిన్నానన్నాను. హమ్మాదీ నన్ను జాలిగా చూశాడు. “మీరు రోజూ ఎలా భరిస్తున్నారండీ?” అన్నాడు. మఖ్రూద్ అనే ఖర్జూరం మిఠాయి తెప్పించి పెడితే మబ్రూకా ఒక్క ముక్క తుంచి చేతిలోనే పట్టుకుంది.

మధ్యాహ్నం నాలుగింటికి తలుపు తోసుకొని ఒకావిడ వచ్చింది. దూరాన ఉన్న గాబెస్ ఊరి నుంచి షేర్ టాక్సీలో దుమ్ము కొట్టుకొని వచ్చినట్టుంది. మబ్రూకా లేచి నిలబడింది. “వసీలా!”

“అమ్మా, ఏం కాగితమిది?”

“పైకప్పు బాగుచేయించడానికి అనుమతట. బాబాయ్ చెప్పాడు.”

తిజాని తెరని వసీలా వైపు తిప్పాడు. “మీ అమ్మకి చదివి వినిపించమ్మా. నెమ్మదిగా.”

ఆమె చదివింది. అద్దెకివ్వడానికి, తాకట్టు పెట్టడానికి, అమ్మడానికి అనే మాటల దగ్గర ఆగి, మళ్ళీ చదివింది. పైకప్పు అనే మాట ఎక్కడా లేదు. మబ్రూకా మరిది వైపు తిరిగింది. తర్వాత మఖ్రూద్ ముక్క నోట్లో వేసుకొని, నమిలి మింగి, “నేను వేలిముద్ర వెయ్యను,” అంది. హమ్మాదీ ఏదేదో అన్నాడు, బల్ల మీద గుద్దాడు, వెళ్ళిపోయాడు. తల్లీ కూతుళ్ళు తలుపు దగ్గర తిజాని చెయ్యి పట్టుకొని వదల్లేదు.

మర్నాడు రీమ్ వచ్చింది. ఆ దిక్కుమాలిన ప్రింటర్ సంగతేదో చూడమన్నాను.

“ప్రింటర్‌కేమైంది మావయ్యా? పోయిన గురువారమే పెట్టారుగా. బాబాయే స్వయంగా పెట్టారు, అర నిమిషంలో. నేను పక్కనే ఉన్నాను.” ఎప్పుడేం చేశారో యంత్రం రాసిపెట్టుకునే చిట్టా తెరిచి చూసింది. ముందు కళ్ళు పెద్దవి చేసింది, తర్వాత పగలబడి నవ్వింది. “నిన్న పది నుంచి నాలుగింటి దాకా పేకాట ప్రోగ్రామ్ ఏడుసార్లు పెట్టారు, ఏడుసార్లు తీసేశారు!”

నేను తిజాని ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. “అబద్ధం ఆడావా? నువ్వా?”

“ప్రింటర్ అని నేనెప్పుడన్నాను?” అన్నాడు, చదువుతున్న కాగితం మీంచి తల ఎత్తకుండా. “ప్రోగ్రామ్ పెడుతున్నానన్నాను. ప్రతి లైనూ గట్టిగా చదివాను. ముక్కల బొమ్మలని కూడా చదివాను. వినలేదంటే నా తప్పా?”

“ఆ పత్రం మేం రాయం అనేస్తే పోయేదిగా?”

“అంటే పక్కవీధికి తీసుకుపోయేవాడు. మనం మామూలుగా చదివి వినిపించినా, మరిది ఎదురుగా ఆవిడ మొహమాటపడి తల ఊపేది. మొన్న సాయంత్రం కూతురికి ఫోన్ చేశాను. నాలుగింటి లోపల రాలేనంది.” కాగితం పక్కన పెట్టాడు. “చదవడం రానివాళ్ళు మన ముందు కూర్చుంటారు బూబకర్. వాళ్ళ బదులు మనం చదవకపోతే ఇంకెవరు చదువుతారు?”

నాకు సిగ్గేసింది. ఈ ముప్ఫై ఏళ్ళలో నేను గడియారం చూస్తూ గడిపిన గంటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అయినా ఊరుకోలేక అడిగాను. “మరి నాకైనా ఒక మాట చెప్పొచ్చుగా?”

“చెబితే అంత బాగా తిట్టేవాడివా? నువ్వు అలా గుండెలు బాదుకుంటుంటేనే హమ్మాదీ నమ్మి కూర్చున్నాడు. నువ్వు లేకపోతే పన్నెండింటికే లేచిపోయేవాడు.”

నా కోపం వల్ల ఒకరికి ఇల్లు నిలబడటం అదే మొదటిసారి. సాయంత్రం ఇంటికెళ్ళి ఈ సంగతి చెబితే మా ఆవిడ నమ్మలేదు.