పూర్తి చిరునామా

నిన్న మందులు తెచ్చే మనిషి ఉప్పల్ చౌరస్తాలో నిలబడి, "సార్, జర లొకేషన్ పెట్టున్రి" అని ఫోన్ చేశాడు. మెట్రో స్తంభం నంబరు, సందు, మా మేడ రంగు అన్నీ నోటితో చెప్పాను గానీ, లొకేషన్ పెట్టలేదు. ముసలాయనకు ఫోన్ వాడటం రాదనుకుని ఉంటాడు, అనుకోనీ.

మన కాలంవాళ్లకు చెబితే అర్థమవుతుంది. నాచారంలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ముప్ఫై ఏళ్లు తపాలా చూసినవాణ్ణి నేను. వీధి, ఆనవాలు, పిన్‌కోడ్ లేని కవరును గడప దాటనిచ్చేవాణ్ణి కాదు, కొత్తగా చేరినవాళ్లను ఈ విషయంలో మహా సతాయించేవాణ్ణి. అక్కడే మిషన్ల పని నేర్చిన మా తమ్ముడు షిఫ్టు దిగి, నా బల్ల పక్కన కూర్చుని, కవర్ల మీద ఊళ్ల పేర్లు చదువుతూ అవి ఎక్కడున్నాయని అడిగేవాడు. తర్వాత ఇద్దరం ఒకే సైకిల్ మీద ఇల్లు చేరేవాళ్లం.

ఆ ఊళ్ల పిచ్చే వాణ్ణి పని మీద దూరదేశం తీసుకెళ్లింది. అక్కడ యుద్ధమొచ్చి కంపెనీ మూతపడితే తోటివాళ్లంతా తిరిగొచ్చారు, పెళ్లీ పెటాకులూ లేని మా మొండివాడు మాత్రం రాలేదు. ఏ పత్రికా ఏ ఛానెలూ వెనక లేకుండా, ఫోన్ పట్టుకుని, రొట్టె కోసం బారులు తీరినవాళ్లనూ కూలిన బడినీ చూపిస్తూ, చూసింది చూసినట్టు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. అలా చెప్పేవాళ్ల కోసం రెండు పక్షాలూ వెతుకుతాయనీ, పట్టుకెళ్తే అడిగే దిక్కుండదనీ వాడే ఒకసారి అన్నాడు. మా ఆవిడ పోయాక ఈ ఇంట్లో వినిపించే మనిషి గొంతు వాడిదొక్కటే.

ఒకరోజు వీడియోలో వాడి వెనక గోడకు కొత్త బీట కనిపించింది. నా ప్రాణం విలవిల్లాడి, లోకమంతా చదివే చోట, ఆ వీడియో కిందే రాశాను: ఇంకా నీళ్ల ట్యాంకు వెనక, రొట్టెల దుకాణం మీది గదిలోనే ఉన్నావా, జాగ్రత్త నాయనా అని. అవన్నీ వాడు నాకొక్కడికే ఫోన్‌లో చెప్పిన ఆనవాళ్లు. అలవాటు కదా, వీధి పేరు కూడా వదల్లేదు.

గంటలో ఫోన్ చేశాడు. "అన్నా, ఏంది గిట్ల రాసినవ్? జల్ది తీసెయ్!"

తీయడం నాకు రాదు. కింది వాటాలో ఉండే రైల్వే ఆయన డ్యూటీ నుంచి వచ్చి తీసేసరికి సాయంత్రమైంది. ఆ తర్వాత వీడియోలు రాలేదు, ఫోన్ కలవలేదు. నా చేత్తో నేనే తమ్ముణ్ణి పట్టిచ్చానని, ఓదార్చేవాళ్లెవరూ లేని ఇంట్లో పెద్దగా ఏడ్చాను.

నెలన్నరకు ఎవరిదో నంబరు నుంచి వాడి గొంతు వచ్చింది. "మంచిగున్న అన్నా. నేను ఎల్లిన జరసేపటికే మనుషులొచ్చి గా రూము తలుపు పగలగొట్టిన్రంట. నువ్వు ఫికర్ జెయ్యకు. యాడున్నవని మాత్రం అడగకు."

అడగలేదు. మళ్లీ కబురూ రాలేదు. వెనకటికి దూరాన ఉన్న మనిషి మనవాడిగా మిగలాలంటే చిరునామా చేతిలో ఉండాలి. ఇప్పుడది నా దగ్గర లేకపోతేనే వాడు బతుకుతాడు. ఈ ఏడు కొత్త డైరీలో అందరికంటే ముందు వాడి పేరు రాసుకున్నాను. జీవితంలో నేను ఖాళీగా వదిలిన చిరునామా ఆ పేరు కిందిదొక్కటే.