పోశెట్టి ఏర్పాట్లు

రూమ్‌లో అందరూ తిని చేతులు కడుక్కునేలోపే పోశెట్టి మర్నాటి బియ్యంలో రాళ్లేరుతుంటాడు. గల్ఫ్‌లో, అల్ అమెరాత్ అనే ఊళ్లో మేస్త్రీ. ఒక కన్ను మూసి గోడ వంకర పట్టేసినట్టే ప్రయాణాన్నీ చూస్తాడు. శుక్ర, శనివారాలు రెండూ సెలవు దొరికేసరికి, ఎడారిలో జింకలుండే అభయారణ్యం చూసి రావాలని వారం నుంచి అదే ధ్యాస. నీళ్ల డబ్బాల మూతలు బిగించి, తలకిందులు చేసి చూశాడు. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి తగ్గించాలన్నాడు. పార మరిచిపోలేదు. దోస్తు దగ్గర అడిగి తెచ్చిన పికప్ చుట్టూ తిరిగి, చక్రాలను కాలితో తన్ని, తృప్తిగా తలూపాడు.

బయల్దేరేముందు వెంట వచ్చే ముగ్గురి ఫోన్లూ తీసుకుని, తన దానితో పాటు కిటికీలో వరసగా పెట్టాడు. "పేరుకే సెలవు. ఫోన్ ఎత్తితే ఫోర్‌మన్ డ్యూటీకి గుంజుకపోతడు" అన్నాడు.

రూమ్‌లో ఉండిపోయేది వంట చేసే భూమయ్య ఒక్కడే. "ఎటు పోయిండ్రంటే ఏం చెప్పాలె అన్నా?"

"ఎడారంటే ఫోర్‌మన్ గరమైతడు. ఖబూరాల దోస్తుల రూమ్‌కు పోయిండ్రని చెప్పు. ఎవలడిగినా గదే మాట."

ఖబూరా ఒక దిక్కు, ఎడారి ఇంకో దిక్కు.

మళ్లీ డ్యూటీకెక్కాల్సిన ఆదివారం తెల్లారింది. పికప్ రాలేదు. కిటికీలో ఒక ఫోన్ ఆగితే ఇంకొకటి మోగుతోంది. పోశెట్టి ఫోన్ మీద అతని భార్య పేరు వెలిగింది. భూమయ్య ఎత్తాడు.

"ఖబూరాకు పోయిండ్రు వదినా" అన్నాడు, నేర్పినట్టే.